ఎదుటి సగం

మా తండాలో టుక్రీని ఒక్కరే కుట్టరు. టుక్రీ అంటే తల మీద కప్పుకొనే ఎర్రటి గుడ్డ. పాతకాలం ఆడవాళ్లు దాన్ని రోజూ కప్పుకొనేవారు. ఇప్పుడు పెళ్లికీ తీజ్ పండుగకీ తప్ప పెట్టెలోంచి బయటికి తీయరు. దాని పొడుగు అంచు నిండా అద్దాలూ రంగుదారాల పువ్వులూ ఉంటాయి. ఆ అంచుకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు ఎదురెదురుగా కూర్చుని, ఒకే రోజు మొదలుపెడతారు. కుట్టిన కొద్దీ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. మొదట్లో ఒకరి మాట ఒకరికి వినిపించాలంటే కాస్త గొంతు పెంచాలి. నడిమికి వచ్చేసరికి ఇద్దరి మోకాళ్లూ తగులుతాయి. అక్కడ వచ్చే ఆఖరి పువ్వులో సగం రేకులు ఒకరివి, సగం ఇంకొకరివి.

ఎదుటామె సగంలో మన సూది పడకూడదు. మాకు కుట్టు నేర్పిన సుక్కి యాడి మొదటి రోజే చెప్పిన మాట ఇది. యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ. డెబ్బై దాటిన ఆమెను తండాలో అందరూ అలాగే పిలుస్తారు. ఎందుకు పడకూడదని అప్పుడు ఎవరం అడగలేదు. సూది పట్టుకోవడమే రాని వాళ్లం, కారణాలు అడిగే తీరిక ఎక్కడిది.

తండాలో ఆడవాళ్ల కుట్టు సంఘం పెట్టి నాలుగేళ్లయింది. దాన్ని నడిపే నవ్య మేడం మిర్యాలగూడ నుంచి వారానికి రెండుసార్లు స్కూటీ మీద వచ్చేది. అంతకుముందు తండా ఆడవాళ్లంతా పత్తి ఏరడానికో, నాట్లకో, దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటు కట్టేచోట ఇటుకలు మోయడానికో పోయేవారు. నవ్య మేడం కమ్యూనిటీ హాలు తాళం తీయించి, చాపలు పరిపించి, సుక్కి యాడి పెట్టెలోని పాత బట్టలను గోడకు వేలాడదీయించింది. పద్దెనిమిది మందిమి చేరాం. తొమ్మిది జంటలు.

నేను జంటలలోకి ఆఖరున వచ్చాను. పెళ్లయిన ఏడాదిన్నరకే మా నాయన ఇంటికి తిరిగి వచ్చినదాన్ని. బోరింగు దగ్గర ఒక్కొక్కరూ ఎందుకొచ్చినవని అడిగారు. ఒకరికి చెప్పింది ఇంకొకరి దగ్గరకు వెళ్లేసరికి వేరే కథ అయ్యేది. అందుకని చెప్పడం మానేశాను. కొన్నాళ్లకు అడగడం కూడా మానేశారు. మాట్లాడని మనిషికి ఎదురుగా రోజంతా కూర్చోవడం ఎవరికిష్టం. పూజకేమో ఎడమచేతి వాటం. ఆమెకు ఎదురుగా కూర్చుంటే కుట్టు కలవదని ఆమెనూ ఎవరూ తీసుకోలేదు. నవ్య మేడం మమ్మల్ని చూసి, మిగిలిన ఇద్దరూ ఒక జంట అంది.

పూజ వీరేందర్ భార్య. వీరేందర్ తండా వరసకు నాకు అన్న, అందుకే ఆమె నాకు వదిన. నాకంటే రెండేళ్లు చిన్నదైనా వదినా అనే పిలిచేదాన్ని. ఆమె నన్ను ఆడబిడ్డా అనేది. రెండేళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. నేనెందుకు తిరిగి వచ్చానని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. తన సంగతులే చెప్పేది. పుట్టింట్లో మేక పిల్లల పేర్లు, పెళ్లినాడు వీరేందర్ చెప్పులు పోగొట్టుకున్న కథ, ఫోనులో చూసిన వంటలు. చెప్పి తనే నవ్వేది. నేను నవ్వకపోతే పక్క జంటతో అనేది.

"మా ఆడబిడ్డ నోట్లె సూది వెట్టుకున్నది. అందుకే పెదవి ఇప్పదు."

అప్పుడు నాకు నవ్వు వచ్చేది.

మామూలుగా టుక్రీ అంచు మొత్తం కుట్టు ఒకే వైపు వాలుతుంది. పూజ ఎడమచేత్తో కుడుతుంది కాబట్టి ఆమె సగం అటు వాలేది, నా సగం ఇటు వాలేది. నడిమి పువ్వు దగ్గరికి వచ్చేసరికి రెండు సగాలూ ఒకదాని వైపు ఒకటి ఒరిగినట్టు ఉండేవి. మొదటి గుడ్డ చూసి నవ్య మేడం పనికిరాదేమోనని భయపడింది. సుక్కి యాడి దాన్ని ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూసి, ఉండనియ్యమంది. ఆ గుడ్డే అందరికంటే ముందు అమ్ముడుపోయింది.

దాన్ని ఎవరి దగ్గరో చూసి, ఈ ఏడాది ఉగాది తర్వాత సూర్యాపేట నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె నాయనమ్మది తుంగతుర్తి దగ్గరి తండా అట. కూతురి పెళ్లికి టుక్రీ కావాలని, రెండు వైపులా ఒరిగే ఆ కుట్టే కావాలని అడిగింది. మా ఇద్దరికీ తప్ప ఆ పని ఇంకెవరికీ రాదు. మామూలుదానికంటే పొడుగు గుడ్డ, అద్దాలు రెట్టింపు. శ్రావణంలో తీజ్ పండుగ నాటికి ఇవ్వాలి. చైత్రంలోనే మొదలుపెట్టాం.

పదిహేను రోజులకు పూజ సగం జానెడయింది. నాది కూడా అంతే. అప్పుడు వీరేందర్‌కు మేళ్లచెరువులో సిమెంటు లారీ మీద డ్రైవరు పని దొరికింది. గది చూసుకుని, సామాను సర్ది పది రోజుల్లో వస్తానని పూజ చెప్పింది. ఒక్క గుడ్డ రెండు ఊళ్లలో ఉండదు గనక గుడ్డ నా దగ్గరే ఉంది. నీ సగం నువ్వు కుడుతుండు, వచ్చి నిన్ను అందుకుంటానంది.

నేను నెమ్మదిగా కుట్టాను. ఆమె వచ్చేసరికి మరీ దూరం పోకూడదని రోజుకు రెండు పువ్వులతో ఆపేదాన్ని. పది రోజులు ఇరవై అయ్యాయి. మొదట్లో రోజూ ఫోను చేసేది. తర్వాత నేను చేస్తే ఎత్తేది. తర్వాత, పనిలో ఉన్నా మళ్లా చేస్తా అని పెట్టేసేది. మే నెల ఆఖరుకు నా సగం నడిమిదాకా వచ్చింది. అటువైపు జానెడు కుట్టు, ఆ తర్వాత ఉత్త ఎర్రగుడ్డ.

నవ్య మేడం ఒక రోజు నా పక్కన చాప మీద కూర్చుంది. మంచి మనిషి, మాట నెమ్మదిగానే చెప్పింది.

"సుకన్యా, పూజ వచ్చేటట్టు కనవడ్తలేదు. ఆ జానెడు ఇప్పేసి హరిలాల్ కోడల్ని నీ ఎదురుంగ కూసోవెడ్త. వాలు గిట్ల రాదని డాక్టరమ్మకు నేను చెప్పుకుంట. సంఘం పుస్తకంల పేరు గూడ మార్చాలె. బయట ఆరుగురు చేరనీకి ఎదురుసూస్తున్నరు."

పూజ పేరు పుస్తకంలో ఉన్నంత కాలం నా ఎదుటి చోటు ఆమెది. పేరు పోతే అందులో హరిలాల్ కోడలు కూర్చుంటుంది. పూజ ఎప్పుడు తిరిగి వచ్చినా ఆమెకు చోటుండదు, నాకు ఆమె ఉండదు. నాకు కనిపించింది అంతే. ఎన్నడూ లేనిది, ఆలోచించకుండా మాట్లాడాను. గుడ్డను నేనే ఆదివారం ఆదివారం మేళ్లచెరువుకు తీసుకుపోతానని, పూజ అక్కడ కూర్చుని కుట్టి ఇస్తుందని, మా ఇద్దరికీ ఫోనులో మాట అయిందని చెప్పాను. మాట కాలేదు. నవ్య మేడం నమ్మింది. నేను అబద్ధం చెప్పగలనని ఎవరూ అనుకోరు.

ఆ ఆదివారం గుడ్డను నాయన పాత ధోవతిలో చుట్టి సంచిలో పెట్టుకుని బయలుదేరాను. మిర్యాలగూడలో కోదాడ బస్సు ఎక్కాను, కోదాడలో దిగి మేళ్లచెరువు ఆటో పట్టుకున్నాను. ఫ్యాక్టరీలు దగ్గరయ్యే కొద్దీ రోడ్డు పక్క వేపచెట్ల ఆకులు బూడిదరంగుకు తిరిగాయి. లారీలు వరసగా ఆగి ఉన్నచోట రేకుల కింద ఒక టిఫిన్ బండి, దాని వెనకాల నాలుగు కిరాయి గదులు. బండి దగ్గర పూజ బజ్జీలు తీస్తోంది.

మాలో ఆడవాళ్లు చాలా రోజులకు కలుసుకుంటే ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి, రాగం తీసి ఏడుస్తారు. ఇన్ని రోజులు ఎట్లా గడిచాయో ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. నాకు పాడే గొంతు లేదు. అయినా దారి పొడుగునా నా మాటలు నేను కూర్చుకుంటూనే వచ్చాను. దగ్గరికి పోయి చేతులు చాచాను. పూజ నవ్వి, జాలిగంటె కింద పెట్టి, నా చేతిలోంచి సంచి తీసుకుంది.

"గీడ వద్దు ఆడబిడ్డా, అందరు సూస్తున్నరు" అంది చిన్నగా.

ఆ మాట తెలుగులో అంది. ఆమె నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. లోపల గదిలో కూర్చున్నాక కూడా అలాగే మాట్లాడింది. లారీల వాళ్లతో రండి, కూర్చోండి, ఏం కావాలండీ అనడం విన్నాను. బండి ఆ గదుల యజమానురాలు సైదమ్మది. పూజ పొద్దున్నుంచి ఆమెతో కలిసి పనిచేస్తోంది. ఇక్కడ పొద్దెట్లా పోతుందో తెలియదని, సాయంత్రం నలుగురైదుగురు ఆడవాళ్లు గడప మీద కూర్చుంటారని, వాళ్లలో ఒకామె కోడిలా కూసి నవ్విస్తుందని చెప్పింది. ఒళ్లు కాస్త చేసింది. ముఖం బాగుంది. ఆమెను చూసి సంతోషించాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

గుడ్డ విప్పాను. పూజ సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, తుడుచుకుని, గడప దగ్గర వెలుతురులో కూర్చుంది. ఎడమచేతిలోకి సూది తీసుకుంది. నేను ఎదురుగా నా కొసన కూర్చున్నాను. పదకొండు కుట్లు వేసింది. నేను లెక్కపెట్టాను. బయటినుంచి సైదమ్మ కేక వేసింది.

"అమ్మాయ్ పూజా, పిండి కలిపావా లేదా? లోడు బళ్లు వచ్చేశాయి."

సూదిని గుడ్డకే గుచ్చి లేచిపోయింది. మూడు గంటలు దాటేదాకా గదిలో మంచం మీద కూర్చున్నాను. గోడకు వాళ్ల పెళ్లి ఫోటో, పక్కన సిమెంటు కంపెనీ క్యాలెండరు. మధ్యలో రెండుసార్లు వచ్చి చాయ్ ఇచ్చి, ఇప్పుడే వస్తా అని పోయింది. మూడోసారి వచ్చి నా పక్కన కూలబడింది.

"ఒక పని చెయ్యి ఆడబిడ్డా. నా సగం గూడ నువ్వే కుట్టెయ్. ఎవ్వరికి తెలుస్తది?"

"నీ చెయ్యి వేరు గద వదినా."

"నీకు రానిదేమున్నది."

కాగితంలో నాలుగు బజ్జీలు కట్టి ఇచ్చింది. ఆటో దాకా వచ్చి చెయ్యి ఊపింది. ఆటో కదలకముందే ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఎడమచేత్తో కుట్టడం నేర్చుకున్నాను. మొదట పాత గుడ్డ ముక్క మీద. సూది రంధ్రంలో దారం ఎక్కించడానికే ఒక పూట పట్టింది. వేళ్ల చివర్ల నుంచి రక్తం కారింది. కుట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అయినా ఆమె కుట్టు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. రెండేళ్లు ఆమె చేతులే చూశాను. ప్రతి ఐదో కుట్టు కొంచెం పొడుగు పోతుంది. అద్దం చుట్టూ తిరిగేటప్పుడు దారాన్ని రెండుసార్లు లాగుతుంది. వెనకవైపు ముడి చాలా చిన్నదిగా, కందిగింజలో సగమంత వేస్తుంది. అవన్నీ ఒక్కొక్కటే నా ఎడమచేతికి నేర్పాను.

మా నాయన పేరు గేమ్యా, కరెంటు ప్లాంటు దగ్గర కాంట్రాక్టరు స్టోరుకు వాచ్‌మన్. మధ్యాహ్నం తిండికి వచ్చినప్పుడు కాసేపు నన్ను చూశాడు.

"కుడిచేతికి ఏమైంది బిడ్డా?"

"ఏం గాలే బా."

"మరి దానికెందుకు సెలవిచ్చినవ్?"

అని నవ్వి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఇంకేమీ అడగలేదు. మా ఇంట్లో ఎవరం ఎక్కువ అడగం.

పన్నెండు రోజులకు అసలు గుడ్డ మీద మొదలుపెట్టాను. ఆమె సగం కుట్టడానికి ఆమె కూర్చునే వైపే కూర్చోవాలి. అక్కడినుంచి తలెత్తితే నా చోటు కనిపించేది. నేను లేని నా చోటు. ఆమె రెండేళ్లు ఇటునుంచి చూసింది నన్నే కదా, నేను ఎట్లా కనిపించేదాన్నో అనుకునేదాన్ని. అట్లా అనుకుంటూ ఒక్కోసారి చాలాసేపు కుట్టకుండా కూర్చునేదాన్ని.

ఆదివారాలు గుడ్డ తీసుకుని తండా అందరూ చూస్తుండగా బస్సెక్కేదాన్ని. మిర్యాలగూడ బస్టాండులో దిగి, చివరి బెంచీ మీద కూర్చుని సాయంత్రం దాకా కుట్టేదాన్ని. కోదాడ బస్సు వచ్చినప్పుడల్లా కండక్టరు కేక విని తలెత్తేదాన్ని. ఎక్కడికి పోవాలమ్మా అని ఎవరైనా అడిగితే మా వాళ్లు వస్తారని చెప్పేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చి, పూజ ఇంత కుట్టిందని హాల్లో చూపించేదాన్ని. ఎట్లున్నదని అడిగేవారు. మంచిగున్నది, మిమ్మల్నందరినీ అడిగిందని చెప్పేదాన్ని. ఆ నెలన్నరలో నేను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు రెండేళ్లలో మాట్లాడలేదు.

ఆషాఢం ఆఖరుకు నడిమికి వచ్చాను. ఆఖరి పువ్వుకు నా సగం రేకులు కుడిచేత్తో వేసి, లేచి అటు తిరిగి కూర్చుని ఆమె సగం ఎడమచేత్తో వేశాను. మోకాలికి ఏమీ తగల్లేదు.

నవ్య మేడం గుడ్డను హాలు గోడకు వేలాడదీసి ఎన్నో ఫోటోలు తీసింది. రెండు సగాలూ మునుపటికంటే చక్కగా ఒరిగాయంది. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉండి కూడా ఒకే గుడ్డ కుట్టారని అందరికీ చెప్పింది. పూజ వాటా పూజ ఖాతాలోకి పంపింది. సుక్కి యాడి మాత్రం ముందువైపు చూడలేదు. అంచు పట్టుకుని గుడ్డను తిరగేసి, వెనకవైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలితో తడుముతూ పోయింది. 

మర్నాడు నన్ను తన ఇంటికి రమ్మంది. వాకిట్లో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నేను కూర్చున్నాక కూడా కాసేపు చెరుగుతూనే ఉంది. తర్వాత చేట కింద పెట్టింది. ఆమెకు మా భాష తప్ప రాదు. ఆమె అన్నది తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది.

"పూజ కుట్టు గట్లనే వాలుతది. ముడి గూడ గంతే ఉంటది. అన్ని మంచిగనే పట్టినవ్. కానీ ఆ పిల్ల ఊకె నవ్వుతది. నవ్వినప్పుడల్లా దారం జర వదులైతుండె. ఆ సగం మొత్తం తడిమి సూసిన. ఆమె కుట్టిన జానెడు దాటినంక ఒక్క తాన గూడ నవ్వలేదు."

 విప్పేయమంటావా అని అడిగాను.

వద్దంది. కొనేవాళ్లు ముందువైపే చూస్తారంది. తర్వాత, మేము మొదటి రోజు అడగని కారణం చెప్పింది. ఆమె చిన్నతనంలో పెళ్లికూతురి టుక్రీని తల్లీ కూతురూ చెరో కొస నుంచి కుట్టేవారట. మధ్యలో తల్లి చచ్చిపోతే ఆమె సగాన్ని అట్లాగే వదిలేసేవారు. పిల్ల ఆ ఖాళీ గుడ్డనే కప్పుకుని పెళ్లి పీటల మీద కూర్చునేది.

"ఖాళీ ఉంటే ఎవరు లేరో అందరికి తెలుస్తది. పదిమంది ఆ పిల్లను పట్టుకోని ఏడుస్తరు. నువ్వేమో నింపి వెట్టినవ్. ఇగ ఆమె లేదని నీకు తప్ప ఎవరికి తెలుస్తది?"

మళ్లీ చేట అందుకుంది. ఎవరికీ చెప్పనని నేను అడగకుండానే అంది. నేను లేచి వచ్చాను.

తీజ్‌కు పూజ వచ్చింది. తండా పిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలను చెరువుకు తీసుకుపోయే రోజు పొద్దున, వీరేందర్ బండి వెనక కూర్చుని దిగింది. నాకు కోదాడలో కొన్న చీర తెచ్చింది, నీలం రంగుది. హాల్లో అందరూ ఆమె చుట్టూ చేరారు. ఆమె నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయింది.

"నాది ఏడిదాక ఉండె?" అని నా చెవిలో అడిగింది.

చూపుడువేలు అంచు మీద పెట్టి, తన కొస నుంచి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చింది. ఆమె కుట్టు మూడో అద్దం కింద ఆగిపోయింది. మేళ్లచెరువులో వేసిన పదకొండు కుట్లు ఆ పక్కనే ఉన్నాయి. ఆమె వేలు వాటిని దాటింది. నాలుగో అద్దం దాటింది. ఆరోదాని దగ్గర ఆగింది.

"గీడిదాకనా?"

"ఆ" అన్నాను.

సంతోషంగా ఆ చోటును ఒకసారి నిమిరి, వెనక్కి తిరిగింది.

అప్పుడే నవ్య మేడం పుస్తకం తెరిచింది. కొత్తగా రెండు టుక్రీల పని వచ్చిందని, ఆ ఒరిగే కుట్టే అడుగుతున్నారని, ఒకటి ఎప్పటిలాగే సుకన్య, పూజ అని రాస్తున్నానని చెప్పింది. గుడ్డ మోయడం నాకు కష్టమైనా ఇంకొన్నాళ్లు ఓర్చుకోమంది. పూజ పకపకా నవ్వింది.

"రాయి మేడం, నాదేం పోయింది. నా సగం గూడ మా ఆడబిడ్డనే కుడతది. గీ గుడ్డంత ఆమెదే గద."

ఇద్దరు ముగ్గురు ఆమెతో పాటు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. నవ్య మేడం పెన్ను ఎత్తి నావైపు చూసింది.

"పరాచికమా సుకన్యా, నిజమా?"

పరాచికమే అంటే అయిపోయేది. అందరూ అదే మాట కోసం చూస్తున్నట్టుంది. పూజ కూడా కన్ను గీటి చూస్తోంది, అనమని. పేరు పుస్తకంలో ఉంటుంది. నేను మళ్లీ ఆదివారాలు బస్టాండుకు పోతాను. అటువైపు కూర్చుని నా ఖాళీ చోటును చూస్తూ ఇంకో గుడ్డ కుడతాను. ఆ తర్వాత ఇంకొకటి.

"నిజమే మేడం. నేనే కుట్టిన. పూజ రాదు, పేరు తీసెయ్యండి."

పూజ ముఖం ఎర్రబడింది.

"ఏందే గట్లంటవ్ అందరిముందు. నేను రానన్ననా?"

"వస్తవా వదినా?" అని మా భాషలో అడిగాను.

ఆమె వాకిలి వైపు చూసింది. వీరేందర్ బండి తాళం చెవి వేలికి తిప్పుతూ నిలబడి ఉన్నాడు. మళ్లీ నావైపు చూసింది. ఆమెకు అబద్ధం చెప్పాలని లేదు, అది నాకు కనిపించింది.

"చూద్దాంలే" అంది తెలుగులో.

నవ్య మేడం స్కేలు పెట్టి పేరు మీద గీత గీసింది.

చెరువు దగ్గర పిల్లలు పాడుతున్నప్పుడు పూజ ఆడవాళ్ల గుంపులో అటువైపు ఉంది. నాతో మాట్లాడలేదు. సాయంత్రం బయలుదేరేటప్పుడు నాయనకు చెప్పి వెళ్లింది.

నవ్య మేడం నాలుగు రోజులు ముభావంగా ఉంది. ఆదివారం డాక్టరమ్మ కారులో వస్తే, దాచకుండా, ఈ గుడ్డ మొత్తం ఒక్కరే కుట్టారని చెప్పేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. రెండు చేతులతో ఒక్కరే కుట్టారా, ఎంత గొప్ప, అని నన్ను పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకుంది. పెళ్లికి రమ్మంది. నేను తల ఊపాను. సుక్కి యాడి గుడ్డను మడతపెట్టి ఇస్తూ, మడత నడిమి పువ్వు మీద పడకుండా చూసింది.

మర్నాడు హాలుకు వెళ్లేసరికి కొత్త జంటలు కూర్చున్నాయి. హరిలాల్ కోడలికి ఎదురుగా వేరే అమ్మాయి ఉంది. ఇప్పుడు పంతొమ్మిది మందిమి, తొమ్మిది జంటలూ నేనూ. జంట లేని మనిషికి టుక్రీ ఇవ్వరు, చిన్న పనులు ఇస్తారు. నవ్య మేడం నాకు చేతిసంచుల పైన కుట్టే నల్ల గుడ్డ ముక్కలు పన్నెండు ఇచ్చింది. చాపలన్నీ జరిగి నిండిపోయాయి. కిటికీ పక్కన గోడవైపు ఒక మనిషికి సరిపోయే జాగా మిగిలింది.

అక్కడ కూర్చున్నాను. పక్క జంట ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. కిటికీలోంచి వెలుతురు తిన్నగా ఒళ్లో పడుతోంది, కుట్టుకోవడానికి మంచి చోటు. మొదటి ముక్క తీసి, అద్దం పెట్టి, చుట్టూ కుట్టడం మొదలుపెట్టాను. సాయంత్రానికి రెండు అయ్యాయి.